మెయిల్లో పెట్టిన లింకు సరిగ్గా తెరుచుకోవాలంటే: పైథాన్‌లో చేయాల్సిన పని

బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక తెలుగు సంఘం సభ్యులకు ఉగాది పిలుపు పంపుతోందనుకోండి. అందరికీ ఒకే మూస, అందులో రెండు లింకులు. హాలుకు దారి చూపే గూగుల్ మ్యాప్స్ లింకు అందరికీ ఒకటే. భోజనానికి ఎంతమంది వస్తున్నారో చెప్పే లింకు మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కోటి. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌తో వచ్చే మాడ్యూళ్లే (సిద్ధంగా ఉన్న కోడ్ భాగాలే) దీనికి చాలు. తడబాటంతా లింకును కూర్చే చోటే వస్తుంది. ఎందుకంటే లింకు మూడు ఎన్‌కోడింగులు (గుర్తులను వేరే రూపంలో రాసే పద్ధతులు) దాటి వెళ్లాలి: అడ్రసుకు ఒకటి, పేజీ రూపం రాసే భాష హెచ్‌టిఎమ్‌ఎల్‌కు ఒకటి, మెయిల్ రవాణాకు ఒకటి. ప్రతిదీ ఒక్కసారే, ఈ వరుసలోనే జరగాలి.

ముందు అడ్రసు. మ్యాప్స్ లింకులో ప్రశ్నార్థకం తర్వాత రెండు విలువలుంటాయి: ‘ఏపిఐ=1’, దాని తర్వాత & పెట్టి ‘క్వెరీ=’ పక్కన హాలు పేరు. ఆ పేరులో ఖాళీలు, కామాలు, ఒక్కోసారి & కూడా ఉంటాయి కాబట్టి ముక్కలను చేత్తో అతికించకండి. యుఆర్‌ఎల్‌లిబ్‌లోని పార్స్ మాడ్యూల్‌లో ఉన్న యుఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ ఫంక్షన్‌కు రెండింటినీ డిక్షనరీగా (పేరు-విలువ జతలుగా) ఇవ్వండి. ఖాళీని + గా, కామాను %2సి గా అదే మారుస్తుంది. పేరు తెలుగులో ఉన్నా పని జరుగుతుంది, పొడవు మాత్రం బాగా పెరుగుతుంది. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం (అక్షరం, దాని గుణింతపు గుర్తు వేర్వేరు సంకేతాలు) 3 బైట్లు, ఒక్కో బైటు % తో కలిపి 3 గుర్తులు. ‘తెలుగు’ అనే మాటలోని 6 సంకేతాలు ఆ లెక్కన 54 గుర్తులవుతాయి. అడ్రసు హెచ్‌టిటిపిఎస్ నుంచి మొదలై పూర్తిగా ఉండాలి. వెబ్‌సైటులో నడిచే, స్లాష్‌తో మొదలయ్యే సగం అడ్రసును ఏ సైటుకు కలపాలో మెయిల్ యాప్‌కు తెలియదు.

తర్వాత హెచ్‌టిఎమ్‌ఎల్. తయారైన అడ్రసు మొత్తాన్నీ హెచ్‌టిఎమ్‌ఎల్ మాడ్యూల్‌లోని ఎస్కేప్ ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చినదాన్ని ఎ ట్యాగ్ హెచ్‌రెఫ్‌లో (లింకు అడ్రసు రాసే చోట) డబుల్ కోట్ల మధ్య పెట్టండి. ఎస్కేప్ అంటే & లాంటి గుర్తులను ‘&ఏఎంపి;’ లాంటి రూపంలోకి మార్చడం. పైకి కనిపించే మాటలకూ, సభ్యుల పేర్లకూ ఇదే చేయాలి. ఫారంలో పేరు రాయాల్సిన చోట ఎవరైనా ట్యాగ్ రాసి ఉంటే, ఎస్కేప్ చేయని మూస దాన్ని నిజం ట్యాగుగానే పంపుతుంది. సంఘం పేరు మీద ఎవరిదో లింకు వెళ్తుంది.

మూసలను నింపే జింజా2 లైబ్రరీ వాడేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. దాన్ని నేరుగా వాడితే ఆటోఎస్కేప్ (తానే ఎస్కేప్ చేయడం) ఆఫ్‌లో ఉంటుంది, వెబ్‌సైట్లు కట్టే ఫ్లాస్క్ ద్వారా హెచ్‌టిఎమ్‌ఎల్ మూసలు నడిపితే ఆన్‌లో ఉంటుంది. ఆన్‌లో ఉండగా మీరూ ఎస్కేప్ చేస్తే పని రెండుసార్లు జరిగి, ‘క్వెరీ’ అనే పేరుకు ముందు ‘ఏఎంపి;’ అతుక్కుంటుంది. లింకు నొక్కితే మ్యాప్స్ తెరుచుకుంటుంది, హాలు మాత్రం కనపడదు. తెరుచుకుంది కదా అని వదిలేస్తే ఈ తప్పు దొరకదు.

మూడోది రవాణా. పైథాన్ ఈమెయిల్ లైబ్రరీలోని ఈమెయిల్‌మెసేజ్ ఆబ్జెక్టు తయారుచేసి, సెట్ కంటెంట్‌తో ముందు మామూలు పాఠం, ఆ తర్వాత యాడ్ ఆల్టర్నేటివ్‌తో హెచ్‌టిఎమ్‌ఎల్ పాఠం చేర్చండి. రెండోదానికి సబ్‌టైప్ హెచ్‌టిఎమ్‌ఎల్ అని చెప్పడం మరిచిపోతే చదివేవాళ్లకు ట్యాగులే కనిపిస్తాయి. ఈ రకం మెయిల్లో చివర ఉన్న భాగానికే ప్రాధాన్యం, అందుకే వరుస మార్చకూడదు. ఎన్‌కోడింగ్ హెడర్లు సొంతంగా రాయకండి. క్వోటెడ్ ప్రింటబుల్ (కొన్ని గుర్తులను = తో మొదలయ్యే సంకేతాలుగా రాసే పద్ధతి) అని హెడర్ పెట్టి పాఠాన్ని మాత్రం ఎన్‌కోడ్ చేయకపోతే, ‘ఐడి=2045’లోని =20 ఖాళీగా మారిపోయి ‘ఐడి 45’ మిగులుతుంది. మెయిల్ ప్రమాణం ప్రకారం ఒక్కో లైను 998 గుర్తులు దాటకూడదు. ఆ విరుపులన్నీ లైబ్రరీయే చూసుకుంటుంది.

మామూలు పాఠంలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. అడ్రసు రాసి దానికే ‘లో చూడండి’ అని తగిలిస్తే, చాలా యాప్‌లు ‘లో’ను కూడా లింకులో కలిపేసుకుంటాయి. అడ్రసును విడిగా ఒక లైనులో ఉంచండి, చివర చుక్క కూడా వద్దు.

రూపం విషయానికొస్తే, తెలుగు లింకు కింద గీత వత్తులను కోసుకుంటూ పోతుంది. అండర్‌లైన్ తీసేసి కింద బోర్డర్ పెట్టండి, లైన్ హైట్ పెంచండి. బటన్ కావాలంటే ఎ ట్యాగుకు ప్యాడింగ్ ఇస్తే సరిపోదు. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ వర్డ్ ఇంజిన్‌తో చూపిస్తుంది కాబట్టి టేబుల్ గడికి రంగు, ప్యాడింగ్ ఇచ్చి లింకును అందులో ఉంచాలి. పైకి ఒక అడ్రసు రాసి లోపల మరొకటి పెట్టడం మోసగాళ్ల పద్ధతి, కొన్ని యాప్‌లు హెచ్చరిక చూపిస్తాయి. ‘హాలుకు దారి చూడండి’ లాంటి మాట రాయడమే మేలు.

భోజనాల లింకులో సభ్యుల ఫోన్ నంబరో, మెయిల్ ఐడీయో పెట్టకండి. సీక్రెట్స్ మాడ్యూల్‌లోని టోకెన్ యుఆర్‌ఎల్‌సేఫ్‌కు 32 ఇస్తే 43 గుర్తుల టోకెన్ (ఎవరూ ఊహించలేని గుర్తుల వరుస) వస్తుంది, దాన్ని డేటాబేసులో ఆ ఇంటికి ముడివేయండి. లింకు తెరవగానే ‘వస్తున్నాం’ అని నమోదు చేసే పద్ధతి మాత్రం వద్దు. ఆఫీసు మెయిళ్ల భద్రతా స్కానర్లు లింకులను ముందే తెరిచి చూస్తాయి. నగరంలో చాలామంది ఆఫీసు ఐడీలే ఇస్తారు కాబట్టి, రాని ఇళ్లకూ విస్తళ్లు వేయాల్సి వస్తుంది. లింకు పేజీని చూపించాలి, నమోదు ఆ పేజీలోని బటన్ నొక్కితే పోస్ట్ పద్ధతిలో (ఫారం సమాచారాన్ని సర్వర్‌కు పంపే పద్ధతిలో) జరగాలి.

పంపేముందు, తయారైన మెసేజ్ మీద గెట్ బాడీ పిలిచి హెచ్‌టిఎమ్‌ఎల్ భాగాన్ని తీయండి. హెచ్‌టిఎమ్‌ఎల్‌పార్సర్‌తో హెచ్‌రెఫ్‌లన్నీ ఏరి, మొదట తయారుచేసిన అడ్రసులతో పోల్చండి. పార్సర్ ఎస్కేప్‌ను తానే విప్పుతుంది కాబట్టి రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. తేడా ఉంటే ఆ మెయిల్‌ను ఆపేసేలా ప్రోగ్రాం రాయండి. చివరగా జీమెయిల్‌కు ఒకటి పంపుకుని ‘షో ఒరిజినల్’ తెరవండి. తెలుగు పాఠం బేస్64లో (మెయిల్ రవాణాకు వాడే ఇంకో ఎన్‌కోడింగ్‌లో) గజిబిజిగా కనిపిస్తే అది తప్పు కాదు. తర్వాత ఫోన్లో, అవుట్‌లుక్‌లో రెండు లింకులూ నొక్కి, మ్యాపులో హాలు పేరు కనిపిస్తోందో లేదో చూడండి.