అలల్లో చిన్న వేగ పడవలను పోల్చడం
ధారావాహిక పాఠం: 4వ భాగం

మూడో భాగంలో ఇంజను ఎత్తు, ప్రొపెల్లర్ పిచ్ చూశాం. అదంతా కదలని నీటి లెక్క. ఇప్పుడు అలల్లోకి దిగుదాం. చెన్నై తీరంలో 5 నుంచి 7 మీటర్ల పడవ కొనాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "అలలున్నప్పుడు ఏ పడవ మంచిది?" అని. అది సగం ప్రశ్నే. ఎటు నుంచి వచ్చే అల, ఎంత వేగం, ఎంత బరువు అన్నవి కలిస్తేనే దానికి జవాబు దొరుకుతుంది. ఎదురు అలను మెత్తగా చీల్చుకుపోయే పడవే వెనక అలలో ముక్కు పాతుకుని అడ్డం తిరగవచ్చు. అందుకే మొత్తానికి ఒక మార్కు వేసి పడవలను వరసలో నిలబెట్టే పద్ధతి మాకు నచ్చదు. ఒక్కో దిక్కుకూ విడిగా మార్కు వేయడమే ఈ పాఠంలో నేర్పేది.

ముందు అలను లెక్కగట్టండి

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర సూచనలో అల ఎత్తు, పీరియడ్ (ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు), దిక్కు మూడూ ఉంటాయి. ఆ ఎత్తు సిగ్నిఫికెంట్ ఎత్తు, అంటే అన్ని అలల్లో పెద్దవైన మూడోవంతు అలల సగటు. సూచనలో 1 మీటరు అని ఉంటే, కాసేపు తిరిగేసరికి దాదాపు దానికి రెట్టింపు అల ఒకటి తగులుతుందని ముందే అనుకోవాలి.

చాలామంది ఎత్తు చూసి ఆగిపోతారు. చిన్న పడవకు అంతకన్నా ముఖ్యం పీరియడ్. లోతైన నీటిలో అల పొడవు, మీటర్లలో, పీరియడ్ వర్గాన్ని 1.56తో గుణిస్తే వస్తుంది. 4 సెకన్ల అల పొడవు 25 మీటర్లు, దాని వేగం దాదాపు 12 నాట్లు (గంటకు 12 సముద్రపు మైళ్ళు). 8 సెకన్ల అల పొడవు 100 మీటర్లు, వేగం 24 నాట్లు. ఒక మీటరు ఎత్తున్న 8 సెకన్ల అల మీద పడవ ఎక్కి దిగుతుంది, అంతే. అదే ఎత్తున్న 4 సెకన్ల అల 6 మీటర్ల పడవను గాల్లోకి ఎత్తి కుదేస్తుంది.

20 నాట్ల వేగంతో 4 సెకన్ల అలకు ఎదురు వెళ్తే సుమారు ఒకటిన్నర సెకనుకు ఒక దెబ్బ. అదే వేగంతో అల వెంట వెళ్తే 6 సెకన్లకు ఒకసారి మాత్రమే అలను దాటుతారు. ఈ తేడా గుర్తుంచుకోండి, పరీక్ష ఎంతసేపు నడపాలో దీన్ని బట్టే తేలుతుంది.

చెన్నై దగ్గర ఇంకో చిక్కుంది. తీరానికి దగ్గరలో లోతు తక్కువ. 15 మీటర్ల లోతులో 8 సెకన్ల అల వేగం 24 కాదు, 20 నాట్లకు తగ్గిపోతుంది. సరిగ్గా చిన్న పడవలు హాయిగా నడిచే వేగం అది. వెనక నుంచి వచ్చే ఉబ్బు అల మీద అదే వేగంతో చాలాసేపు కూర్చుని ఉండిపోతే, చుక్కాని మాట వినని స్థితి వస్తుంది. ఆ సంగతి కింద చెబుతాం.

ఉదయం పూట నేల వైపు నుంచి వీచే గాలికి తీరం దగ్గర నీరు నునుపుగా ఉంటుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలై, మధ్యాహ్నానికి పొట్టి, నిటారు అలలు లేస్తాయి. జూన్, జూలైలో పడమటి గాలి బలంగా ఉన్నరోజు ఈ మార్పు ఆలస్యమవుతుంది. కాశిమేడు, చెన్నై పోర్టు గోడల దగ్గర పరీక్ష పెట్టుకోవద్దు. గోడకు తగిలి తిరిగొచ్చే అల, వస్తున్న అలతో కలిసి ఏ దిక్కూ లేని గందరగోళం చేస్తుంది. అడయార్, కూవం, ఎన్నూరు ముఖద్వారాల దగ్గర ఇసుక మేటల మీద అలలు విరుగుతాయి, అక్కడికీ వద్దు. కోవళం దక్షిణాన, తీరానికి బాగా ఎడంగా, లోతు 12 మీటర్లు దాటిన చోట 4 సెకన్ల అల తన సహజ రూపంలో ఉంటుంది.

ట్రైలర్ మీదే సగం తెలుస్తుంది

పడవ అడుగు 'వీ' ఎంత కోణంతో లేస్తుందో అదే డెడ్‌రైజ్. కంపెనీ కాగితంలో ఇచ్చేది ట్రాన్సమ్, అంటే పడవ వెనక గోడ, దగ్గరి కోణం. 1960లో మయామీ–నస్సౌ పోటీలో రే హంట్ గీసిన డీప్ వీ (వెనకదాకా నిటారైన 'వీ' అడుగున్న) పడవ 'మాపీ' గరుకు సముద్రంలో గెలిచాక ఆ ఆకృతికి పేరొచ్చింది. 24 డిగ్రీలన్న అంకె అప్పటి నుంచి అమ్మకాల మాటైపోయింది. కానీ అల తగిలేది ట్రాన్సమ్ ఒక్క చోటే కాదు. పడవ నీటిని వదలకుండా నడుస్తున్నప్పుడు మొదటి దెబ్బ మధ్య భాగం చుట్టూ పడుతుంది. పూర్తిగా ఎగిరి పడితేనే వెనక భాగం మీద వాలుతుంది. కాబట్టి మూడు చోట్ల కొలవాలి: ట్రాన్సమ్ దగ్గర, నడిమధ్య, ముక్కు నుంచి మూడోవంతు వెనక్కి.

60 సెంటీమీటర్ల తిన్నని చెక్కను కీల్ (అడుగు నడిమి గీత) నుంచి చైన్ (అడుగు, పక్క గోడ కలిసే అంచు) వైపు, స్ట్రేక్‌ల (అడుగున పొడవునా ఉండే గట్లు) మధ్య అడుగుకు ఆనించి పట్టుకుని, దాని మీద ఫోను కోణమానిని పెట్టండి. కుడివైపు, ఎడమవైపు రెండూ తీసి సగటు కట్టండి. ట్రైలర్ ఒక పక్కకు వాలి ఉన్నా ఆ తప్పు సగటులో పోతుంది. కోణమానిని లేకపోతే టేపు చాలు. కీల్ నుంచి అడ్డంగా 80 సెంటీమీటర్ల దూరంలో అడుగు 36 సెంటీమీటర్లు లేస్తే 24 డిగ్రీలు, 26 లేస్తే 18 డిగ్రీలు, 17 లేస్తే 12 డిగ్రీలు.

మధ్య కోణానికీ వెనక కోణానికీ 5, 6 డిగ్రీలకు మించి తేడా ఉంటే ఆ పడవ అడుగు మెలితిరిగిన రకం. ముందు పదును, వెనక చదును. అలాంటిది తక్కువ ఇంజనుతోనే త్వరగా ప్లేనింగ్‌కు (నీటిపైకి లేచి జారే స్థితికి) వస్తుంది, లంగరేసి ఉన్నప్పుడు తక్కువ ఊగుతుంది. వెనక అలలో మాత్రం దాని ముక్కు మీద కన్నేసి ఉంచాలి.

ఒకే పడవ, మారే దెబ్బ

సవిట్‌స్కీ, బ్రౌన్ అనే పరిశోధకులు 1976లో ప్రచురించిన సూత్రం ఎదురు అలలో ప్లేనింగ్ పడవకు తగిలే దెబ్బను లెక్కగడుతుంది. పడవ గాల్లోకి లేచిపోయే వేగాలకు అది పనికిరాదు. కానీ ఏది ఎంత పనిచేస్తుందో చూపడానికి అంతకన్నా సులువైన సాధనం లేదు. మిగతావన్నీ సమానంగా ఉంచి డెడ్‌రైజ్ 12 నుంచి 24 డిగ్రీలకు పెంచితే దెబ్బ సుమారు 32 శాతం తగ్గుతుంది. పడవ ముక్కు లేచిన కోణం, అంటే ట్రిమ్, 6 నుంచి 4 డిగ్రీలకు దించితే మూడోవంతు తగ్గుతుంది. వేగం 24 నాట్ల నుంచి 16కు దించితే దెబ్బ సగానికన్నా తక్కువకు పడిపోతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. బరువు పెరిగితే దెబ్బ తగ్గుతుంది, వెడల్పు పెరిగితే పెరుగుతుంది.

ఈ అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 12 డిగ్రీల పడవను రెండు డిగ్రీలు ముక్కు దించి నడిపితే, ముక్కెత్తి నడిపే 24 డిగ్రీల పడవతో దాదాపు సమానమవుతుంది. "ఫలానా బోటు వెన్ను విరగ్గొడుతుంది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ట్రిమ్ బటన్ వాడని చెయ్యి. అందుకే ట్రిమ్, వేగం, బరువు సమానం చేయకుండా రెండు పడవలను పోల్చడంలో అర్థం లేదు.

దిక్కు మారితే వరస మారుతుంది

ఎదురు అలలో ఇరుకైన, బరువైన డీప్ వీ గెలుస్తుంది. ఇంజను ట్రిమ్ లోపలికి (ఇంజను కిందిభాగం పడవ వైపుకు), ట్యాబ్‌లు (వెనక అంచున కిందికి దించే పలకలు) కొంచెం కిందికి, ముక్కులోని పదునైన భాగం అలను తాకేలా. అతిగా దించితే ముక్కు అలలో గుచ్చుకుని డెక్ మీదికి నీళ్ళు వస్తాయి.

పక్క నుంచి, ముందు మూల నుంచి గాలి, అల కలిసి వచ్చినప్పుడు ఇదే డీప్ వీ ఇబ్బంది పెడుతుంది. గాలికి ఎదురుగా చుక్కాని పట్టి ఉంచితే పడవ గాలి వైపుకు వాలుతుంది. అప్పుడు 24 డిగ్రీల అడుగులో గాలివైపు సగం దాదాపు చదునై, ఆ చదునుతోనే అల మీద పడుతుంది. ఒకే పక్కన ఠప్ ఠప్‌మని శబ్దం, ఒకే పక్క నుంచి మొహాన నీళ్ళు. దీనికి మందు గాలివైపు ట్యాబ్ కొంచెం కొంచెంగా దించడం. దించిన వైపు పడవ లేస్తుంది. ట్యాబ్‌లు లేని పడవలో మనుషులను గాలి లేని వైపుకు మార్చండి.

వెనక అల దగ్గర మేం ఎక్కువసేపు ఆగుతాం, ప్రమాదాలకు దారి ఇక్కడే కనుక. పడవ అల నెత్తి మీద నుంచి జారి, ముందున్న అల వీపులో ముక్కు పెడుతుంది. ముందుభాగం లోతుగా దిగితే పడవ తిరిగే కేంద్రం ముందుకు జరిగి, వెనకభాగం పక్కకు ఈడ్చుకుపోతుంది. చుక్కాని ఎటు తిప్పినా ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది. అది ముదిరితే పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. పదునైన ముక్కు, చదునైన వెనకభాగం ఉన్న మెలితిరిగిన అడుగు దీనికి ఎక్కువగా లొంగుతుంది. వెనకదాకా ఒకే కోణం ఉన్న డీప్ వీ, నిండైన ముక్కున్న రిబ్ (గట్టి అడుగు, చుట్టూ గాలి ట్యూబ్‌లు ఉన్న పడవ) నమ్మకంగా నడుస్తాయి. ట్యాబ్‌లు పూర్తిగా ఎత్తేయండి, ఇంజను ట్రిమ్ బయటికి. ఆపైన అల వేగానికి 3, 4 నాట్లు తక్కువగా నడుపుతూ అలలను మిమ్మల్ని దాటిపోనివ్వండి, లేదా కచ్చితంగా అంతకన్నా వేగంగా దాటిపోండి. సరిగ్గా అల వేగంతో మాత్రం వద్దు.

కాటమరాన్ రకం (రెండు పొట్టలు పక్కపక్కన కలిపిన పడవ) చిన్న అలల్లో అందరినీ మించుతుంది, వాటి మధ్య సొరంగంలో నలిగే గాలీ నీళ్ళూ దెబ్బను మింగేస్తాయి. అల ఎత్తు సొరంగం ఎత్తును దాటిన క్షణం ఆ పైకప్పే గుద్దుకుంటుంది. అది హెచ్చరిక లేకుండా వచ్చే దెబ్బ. కీల్ దగ్గర చదునైన ప్యాడ్ ఉన్న వేగ పడవకు నిశ్చల నీటిలో ఎంత వేగముందో, వెనక మూల అలలో అంత అస్థిరత ఉంటుంది. ప్యాడ్ మీద నిలబడి పక్కలకు ఊగుతుంటే వేగం తగ్గించి అడుగంతా నీటిని తాకేలా చేయాలి. స్టెప్ (అడుగున అడ్డంగా మెట్టు) ఉన్న పడవల్లో మూలగా వచ్చే అల మీద గట్టిగా తిరుగుతూ థ్రాటిల్ ఒక్కసారిగా మూయకండి. స్టెప్‌లకు గాలి ఆగిపోయి పడవ గిర్రున తిరగవచ్చు.

రిబ్ ట్యూబ్‌ల విషయంలో చెన్నై ఎండ లెక్కలోకి వస్తుంది. ఒడ్డున ఎండలో 0.24 బార్ నింపి నీటిలో దించితే, ట్యూబ్ చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. పడవ మధ్యలో వంగి, మెత్తగా అనిపిస్తుంది. నీళ్ళలోనే నింపి ఎండలో వదిలేస్తే 0.3 దాటిపోతుంది. కాబట్టి నీటిలో పావుగంట ఉంచాక సరిచేయాలి, ఒడ్డుకు తెచ్చాక కొంత వదలాలి.

పరీక్ష ఎలా పెట్టాలి

రెండు పడవల్లోనూ సగం ట్యాంకు పెట్రోలు. 100 లీటర్ల ట్యాంకులో సగమంటే 37 కిలోలు. మనుషుల బరువు తేడాను 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లతో సరిచేయండి, ఒక్కోటి 20 కిలోలు. వాటిని తాళ్ళతో బిగించాలి. వదిలేసిన క్యాను అలల్లో కాళ్ళు విరగ్గొడుతుంది.

సెకనుకు 100 సార్లు నమోదు చేసే యాక్సిలెరోమీటర్ యాప్ ఉన్న ఫోనును కన్సోల్ అడుగున డెక్‌కు గట్టిగా బిగించండి. జేబులోనో, సీటు దిండు మీదో పెడితే తెలిసేది దిండు కథే. గ్రాఫ్‌లో పెద్ద దెబ్బలన్నీ ఒకే అంకె దగ్గర కత్తిరించినట్టు ఆగితే ఫోను హద్దు దాటిందని అర్థం, ఆ కొలత పారేయండి.

పడవలు రెండూ 60, 80 మీటర్ల ఎడంతో పక్కపక్కన, 16 నాట్లతో మొదలు. ఎదురు అలలో 4 నిమిషాలు నడిపితే సుమారు 140 దెబ్బలు దొరుకుతాయి. వాటిలో పెద్దవి 14 తీసి సగటు కట్టండి. ఒకే ఒక్క అతిపెద్ద దెబ్బను పోల్చితే అది అదృష్టాన్ని కొలవడమే. వెనక అలలో దెబ్బలు తక్కువ, దూరంగా వస్తాయి, కాబట్టి కనీసం 12 నిమిషాలు నడపాలి. అక్కడ జీ అంకె (ఫోను చూపే దెబ్బ తీవ్రత) ఏమీ చెప్పదు. దిక్సూచి దారి నుంచి పడవ ఎన్ని డిగ్రీలు తప్పిందో, నడిపేవాడు చక్రం ఎంత తిప్పాల్సి వచ్చిందో రాసుకోండి. తర్వాత నడిపేవాళ్ళు పడవలు మార్చుకుని మళ్ళీ నడపాలి. ఒకే పడవ అందుబాటులో ఉంటే, ఆఖరున మొదటి పరుగును తిరిగి చేయండి. రెండు ఫలితాలు కలవకపోతే మధ్యలో సముద్రం మారిందన్నమాట.

16 నాట్లు కుదిరాకే 20, ఆ తర్వాతే 24. నాలుగు రెక్కల స్టీల్ ప్రొపెల్లర్ ఉంటే అది పెట్టండి, నీళ్ళు వదిలి మళ్ళీ పట్టుకోవడంలో మూడు రెక్కలదానికన్నా మెరుగు. జాక్ ప్లేటు (ఇంజను ఎత్తు మార్చే పలక) ఉంటే నిశ్చల నీటి ఎత్తు కన్నా 2 నుంచి 5 సెంటీమీటర్లు దించండి. పడవ గాల్లోకి లేచినప్పుడు థ్రాటిల్ తగ్గించి, నీటిని తాకాక ఇవ్వండి. లేకపోతే ఖాళీగా తిరిగిన ఇంజను ఒక్కసారి నీటిని పట్టుకుని గేర్ల పళ్ళు తింటుంది.

పడవ మీది బిళ్ళలో డిజైన్ కేటగిరీ చూడండి. ఐఎస్ఓ లెక్కలో 'సి' అంటే సిగ్నిఫికెంట్ ఎత్తు 2 మీటర్ల దాకా, 'డి' అంటే 0.3 మీటర్లు. 'డి' పడవను కోవళం బయటికి ఈ పరీక్షకు తీసుకెళ్ళవద్దు. మోకాళ్ళు వంచి నిలబడండి, సీట్లో నడుం నిటారుగా కూర్చుని దెబ్బ తీసుకుంటే వెన్నుపూసలు చితుకుతాయి. లైఫ్ జాకెట్ అందరికీ, కిల్ స్విచ్ (ఇంజను ఆపే మీట) తాడు నడిపేవాడి ఒంటికి. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ తెరిచి ఉండాలి. కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554 ఒడ్డున ఉన్నవాళ్ళ దగ్గర రాసి ఉంచండి, మీరు తిరిగొచ్చే సమయంతో పాటు.

వచ్చే భాగానికి అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఏ పడవకైనా మూడు చోట్ల డెడ్‌రైజ్ కొలిచి, ఆనాటి ఇన్‌కాయిస్ పీరియడ్‌తో ఎదురు, వెనక అలల్లో దెబ్బకూ దెబ్బకూ మధ్య సెకన్లు లెక్కగట్టి ఉంచండి. ఐదో భాగంలో ట్యాబ్‌లు, ఇంజను ట్రిమ్ కలిపి వాడే క్రమాన్ని ఆ అంకెల మీదే చేద్దాం.