బిడ్డకు జలుబు, ఇంటికంతా టెన్షన్: చలికాలపు సమస్యలు - పరిష్కారాలు

కార్తీకం వానలు తగ్గి, మా తిరుపతిలో పొద్దున్నే కపిలతీర్థం వైపు కొండ మంచులో కనపడకుండా పోయే రోజులు వచ్చాయంటే మా ఇంట్లో ముక్కులు కారడం మొదలవుతుంది. పాపకు మూడేళ్లు, బాబుకు ఏడాదిన్నర. మా మెట్ల మీది మూడిళ్లలో కలిపి అయిదుగురు చిన్నపిల్లలు. మూడు చలికాలాలు ఒకరికొకరం తోడుగా గడిపాక నాకు బాగా అర్థమైంది ఒకటే. బిడ్డ జబ్బు వారంలో తగ్గిపోతుంది. ఆ వారంలో జరిగే పొరపాట్లు, అలకలు మాత్రం చాలావరకు ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం వల్లే వస్తాయి. అందుకే మందుల గురించి ఎంత రాశానో, మనుషుల గురించీ అంత రాశాను.

మీ బిడ్డను చూసిన డాక్టరు చెప్పిందే అన్నిటికన్నా ముందు. మూడు నెలల్లోపు పసికందుకు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇది చదువుతూ కూర్చోవద్దు, వెంటనే బయల్దేరండి.

సమస్య: ఒక జలుబు తగ్గకముందే ఇంకోటి

"మా వాడిలో శక్తి లేదేమో" అని తల్లులు ఏడవడం చూశాను, నేనూ ఏడ్చాను. కారణం చాలాసార్లు అది కాదు. జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైనే. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే, ప్లేస్కూల్‌కో అంగన్‌వాడీకో కొత్తగా వెళ్తుంటే ఇంకా ఎక్కువ. ముక్కు కారడం వారం పది రోజులుంటుంది, దగ్గు మూడు వారాల దాకా లాగొచ్చు. లెక్క వేస్తే చలికాలమంతా జలుబే అనిపించడంలో తప్పు లేదు.

చేయాల్సింది చూడటమే. జలుబుకీ జలుబుకీ మధ్య బిడ్డ బాగా తిని ఆడుకుంటూ బరువు పెరుగుతుంటే టానిక్‌ల వెంట పడకండి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ బయటికి తీయకండి. వైరస్ మీద అది పనిచేయదు, పొడిలో నీళ్లు కలిపిన సిరప్ రోజులు గడిస్తే పనికిరాదు కూడా. బరువు తగ్గుతున్నా, ప్రతిసారీ నెమ్ము (న్యుమోనియా) చేస్తున్నా అప్పుడు డాక్టరుతో తీరిగ్గా మాట్లాడాలి.

సమస్య: మందు వేసినా జ్వరం దిగడం లేదు

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో భయపడ్డ రాత్రి ఇదే.

పోయిన మార్గశిరంలో బాబుకు జ్వరం. మా అత్త ఏడింటికి పారాసిటమాల్ వేసింది. మా ఆయన ఎనిమిదింటికి డ్యూటీ నుంచి వచ్చి, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని మళ్ళీ వేశాడు. నేను పాపకు అన్నం తినిపిస్తూ ఉన్నాను. పదింటికి "మందు వేశారా" అని అడిగితే ఇద్దరూ ఒకేసారి "వేశాను" అన్నారు. డాక్టరుకు ఫోన్ చేసి, బరువు, ఎంఎల్ చెబితే, ఈ ఒక్కసారికి పర్వాలేదు, పొద్దున్నదాకా ఇంకేమీ వేయొద్దు అన్నారు. ఆ రాత్రి అత్త నిద్రపోలేదు. తప్పు ఎవరిదీ కాదు, ముగ్గురమూ బిడ్డ మీద ప్రేమతో ఉన్నవాళ్లమే.

మర్నాడు నుంచి పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ కేలండర్‌లోనే రాయడం మొదలుపెట్టాం. పెన్ను దారం కట్టి వేలాడదీశాం. టైమ్, ఎన్ని ఎంఎల్, ఎవరు వేశారు, అంతే. "7.10, 6 ఎంఎల్, అత్త". తేదీ గడి చాలకపోతే పాత నెల కాగితం వెనక రాయండి. కేలండర్‌లో రాయకుండా సీసా మూత తీయకూడదు అన్నది మా ఇంటి నియమం, అమ్మమ్మకైనా సరే.

ఇంకో కారణం సీసాలు తారుమారవడం. పారాసిటమాల్ మూడు రకాలుగా వస్తుంది. చుక్కల మందులో ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు, మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125 (కొన్నిట్లో 120), గట్టి సిరప్‌లో 5 ఎంఎల్‌కు 250. మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 150 అనుకుంటే చుక్కల మందు 1.5 ఎంఎల్, మామూలు సిరప్ 6 ఎంఎల్, గట్టిది 3 ఎంఎల్. ఆరు ఎంఎల్ అన్న మాట గుర్తుపెట్టుకుని చుక్కల మందు ఆరు ఎంఎల్ పోస్తే నాలుగింతలు పడుతుంది. ఇంట్లో ఒకే రకం ఉంచండి, ఆ సీసా మీదే ఈ నెల బరువు, ఎంఎల్ రాసి అతికించండి. వంటింటి చెంచాతో కొలవకండి, నోటి సిరంజి మందుల షాపులో దొరుకుతుంది. మోతాదుకీ మోతాదుకీ కనీసం నాలుగు గంటలు, రోజంతా కలిపి నాలుగుసార్లకు మించకూడదు.

మూడో కారణం మన ఆశ. మందు జ్వరాన్ని ఒకటి రెండు డిగ్రీలు దించుతుంది, వైరస్‌ను చంపదు. 103 నుంచి 101కి దిగి బిడ్డ నీళ్లు తాగి నవ్విందంటే మందు పనిచేసినట్టే. స్వెటర్, మంకీ క్యాప్, రెండు దుప్పట్లు తీసేసి పలచటి బట్టలు వేయండి. చన్నీళ్లతో తుడవకండి, వణుకు పుట్టి ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది.

మన దగ్గర నవంబరు, డిసెంబరు వానలతో దోమలు ఎక్కువ, డెంగీ భయం ఉంటుంది. అందుకే డాక్టరు రాయకుండా ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి వేరే జ్వరం మందులు వేయకూడదు, డెంగీ ఉంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం మూడు రోజులు దాటితే చూపించాల్సిందే.

జ్వరంలో ఫిట్స్ వస్తే (ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు వీటి భయం) బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు, తాళంచెవి, ఏదీ పెట్టొద్దు. ఒకరు గడియారం చూడాలి, ఇంకొకరు బండి సిద్ధం చేయాలి. అయిదు నిమిషాలు దాటితే 108. ఆలోపే ఆగినా మొదటిసారి అయితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సమస్య: ముక్కు మూసుకుపోయి రాత్రంతా నిద్ర లేదు

చిన్న ముక్కు, కొంచెం చీమిడి చాలు మూసుకుపోవడానికి. సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు ముక్కులో పాలకు ముందు, పడుకోబెట్టే ముందు వేసి, కాసేపాగి మెత్తటి బట్టతో తుడవండి. ఏడాది దాటిన బిడ్డకు దగ్గుకు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాదిలోపు తేనె ఒక్క చుక్క కూడా వద్దు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

దగ్గు సిరప్ అడక్కండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి ఎంతోమంది పసిపిల్లలు చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్లలోపు వాళ్లకూ మామూలుగా అవసరం లేదని చెప్పింది.

ఇక ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం. ముక్కులో నూనె చుక్కలు వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ, రాత్రి దోమల కాయిల్ పిల్లికూతలు వచ్చే బిడ్డకు హాని. కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయడం రెండేళ్లలోపు వద్దు. పూజగదిలో కర్పూరం డబ్బా చేతికందే ఎత్తులో అసలు ఉండకూడదు, బిళ్ళ మింగితే కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు.

ఇవన్నీ అత్తకు నేను చెబితే "మేం పెంచలేదా" అన్న మాట వస్తుంది. అది న్యాయమైన మాటే, ఆమె ముగ్గురిని పెంచింది. అందుకే డాక్టరు దగ్గరికి అత్తను కూడా తీసుకెళ్లాను. తనే అడిగింది, తనే విన్నది. ఇప్పుడు మా మెట్ల మీద అందరికీ కర్పూరం వద్దని చెప్పేది ఆమే. ఒకటి మానమన్నప్పుడు ఇంకొకటి చేతిలో పెట్టాలి. మెత్తగా పిసికిన చారన్నం, పలచటి రాగి జావ ఆమె చేతి నుంచే వెళ్తాయి, బాబు నా దగ్గర తినడు.

సమస్య: ఊపిరి వేగంగా ఉంది, డొక్కలెగరేస్తున్నాడు

ఇక్కడ ఆలస్యం వద్దు. జలుబు ఛాతీలోకి దిగినప్పుడు, రెండేళ్లలోపు వాళ్లకు బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల వాపు) వచ్చినప్పుడు, నెమ్ము చేసినప్పుడు ఇలా అవుతుంది. బిడ్డ నిద్రలోనో నెమ్మదిగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండు నిమిషం లెక్కపెట్టండి. ఒకరు ఫోన్‌లో టైమ్ చూడాలి, ఇంకొకరు పొట్ట కదలిక లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు అయితే 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40, అంతకు చేరితే ఎక్కువే. జ్వరంలో ఊపిరి పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక మళ్ళీ లెక్కపెట్టి కేలండర్‌లో రాయండి, డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

పక్కటెముకల కింద గుంట పడటం, మూలుగు, పెదవులు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, లేపినా లేవని మగత, వీటిలో ఏ ఒక్కటున్నా లెక్కపెడుతూ కూర్చోకండి. రాత్రిపూట కుక్క మొరిగినట్టు దగ్గి, ఊపిరి లోపలికి తీసేటప్పుడు చప్పుడొస్తే అది గొంతు వాపు. బిడ్డను ఏడిపించకుండా ఎత్తుకుని బయల్దేరండి.

సమస్య: వాంతులు, నీళ్ల విరేచనాలు

చలికాలంలో రోటా వైరస్ ఒక ముఖ్య కారణం. టీకా ఉందిగా అనుకోకండి, టీకా వేసినా తక్కువ తీవ్రతతో రావచ్చు. చేయాల్సింది ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, సగం ప్యాకెట్ సగం నీళ్లు అని అంచనా వేయకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, చెంచా చెంచాగా మళ్ళీ. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు, విరేచనాలు ఆగినా ఇవ్వాలి.

షాపులో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మే తీపి పానీయాలు వేరు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని చూసి కొనండి. ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆసుపత్రికే.

సమస్య: చుట్టాలు వెళ్లిన రెండో రోజే జ్వరం

తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే బంధువులు ఉంటారు. ధనుర్మాసం, వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి సెలవులు, అన్నీ చలికాలంలోనే. క్యూలో గంటలు నిలబడి, బస్సుల్లో తిరిగి, దగ్గుతో వచ్చినవాళ్లు ప్రేమగా బిడ్డను ముద్దుపెట్టుకుంటారు. పుట్టువెంట్రుకలు తీయించాక జలుబు చేస్తే గుండు వల్ల అంటారు. నిజానికి జలుబు మనుషుల నుంచి వస్తుంది.

వచ్చినవాళ్లను నొప్పించకుండా చెప్పడానికి మేం ఒకటి అనుకున్నాం. మా ఆయన వైపు వాళ్లకు ఆయన చెబుతాడు, మా పుట్టింటివాళ్లకు నేను చెబుతాను. "పిన్నీ, చేతులు కడుక్కుని ఎత్తుకో, వాడికి ఇప్పుడే తగ్గింది" అంటే ఎవరూ ఏమీ అనుకోలేదు. అదే మాట కోడలి నోట వస్తే వేరేగా వినపడుతుంది. భోగి మంట దగ్గరికి పిల్లికూతలున్న బిడ్డను తీసుకెళ్లకండి, భోగిపళ్లు సాయంత్రం ఇంట్లో పోస్తే చాలు.

సమస్య: మూడో రాత్రికి మాటామాటా

"నీకేం, నిద్రపోతావు" అన్న మాట మా ఇంట్లోనూ వచ్చింది. కారణం ప్రేమ తగ్గడం కాదు, నిద్ర లేకపోవడం. ఇద్దరూ మేలుకుని ఉంటే పొద్దునకు ఇద్దరూ పనికిరారు. పది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఆరు దాకా ఇంకొకరు. మేలుకున్నవాళ్లే మందు వేస్తారు, పడుకున్నవాళ్లను లేపి అడగరు, ఎందుకంటే అంతా కేలండర్‌లో ఉంటుంది. పాలిచ్చే తల్లిని పాలకు మాత్రమే లేపండి, ఎత్తుకు తిప్పడం నాన్న చేయొచ్చు. ఆసుపత్రికి సెలవు పెట్టేది ప్రతిసారీ ఒకరే అయితే అదీ కేలండర్‌లో కనపడుతుంది, మేం అలాగే గమనించి మార్చుకున్నాం.

సమస్య: "మీ పాప వల్లే మా వాడికి వచ్చింది"

ఈ మాటతో ఒకసారి మా మెట్ల మీద పది రోజులు పలకరింపులు లేవు. జబ్బు దాచిపెట్టి పిల్లలను ఆడుకోవడానికి పంపడమే అసలు కారణం. ఇప్పుడు మొదటి తుమ్ముకే చెప్పేస్తాం: "అక్కా, మా వాడికి నిన్నటి నుంచి జ్వరం, రెండు మూడు రోజులు మీ పాపను పంపొద్దు." చెప్పినవాళ్లింటికి ఆ పూట క్యారేజీలో చారు, అన్నం వెళ్తాయి. చిన్నదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు పెద్దదాన్ని ఎవరు చూసుకోవాలో, అర్ధరాత్రి బండి ఎవరు తీయాలో ముందే అనుకున్నాం. కింద ఇంటి అన్నకు ఆటో ఉంది. ఆయన నంబరు, డాక్టరు నంబరు, మూడిళ్ల పిల్లల బరువులు, ఎవరికి ఏ మందు పడదో, ఇవి మూడు కేలండర్ల కింది అంచునా రాసి ఉన్నాయి. ప్రతి నెలా ఒకటో తేదీన బరువులు మార్చి రాసే పని మా అత్తది.