పెరటి కొబ్బరి: కనిపించే లక్షణం, అసలు కారణం, చేయాల్సిన పని

కొబ్బరి సముద్రపు ఒడ్డు చెట్టు. పీచు పుణ్యాన కాయ అలల మీద తేలుతూ వెళ్ళి ఎక్కడో ఇసుకలో మొలకెత్తుతుంది. బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి వెళ్ళి చూడండి, దానికి కావాల్సినవన్నీ అక్కడే ఉంటాయి: నీరు నిలవని వదులు నేల, వేళ్ళకు అందేంత లోతులో కదిలే నీరు, తేమ గాలి. ఆ చెట్టునే మనం విజయవాడలో సిమెంటు వాకిట్లో, గుంటూరులో నల్లరేగడిలో నాటుకుని, మే నెల ఎండకు వదిలేస్తాం. అందుకే ఇక్కడి చెట్లలో జబ్బు తల దగ్గర కనిపిస్తుంది గానీ, దాని కారణం చాలాసార్లు పాదులో ఉంటుంది. చెట్టెక్కేవాళ్ళని పిలిచే ముందు, మందు కొనే ముందు మొదలు దగ్గర కాసేపు కూర్చుని చూడండి.

పిందెలు రాలిపోతున్నాయి

అందరూ మొదట అడిగేది ఇదే. రాలినవి ఏరి సైజు చూడండి. పొత్తి (పూగెలను కప్పి ఉంచే తొడుగు) విచ్చిన మొదటి నెలలో, నిమ్మకాయ కన్నా చిన్నవి రాలితే టెన్షన్ పడక్కర్లేదు. గెలలో వచ్చిన ఆడపూలన్నిటినీ ఏ కొబ్బరిచెట్టూ నిలుపుకోదు, సగానికి పైగా రాలడం సహజం. కోడిగుడ్డు సైజు దాటాక కూడా రాలుతుంటే కారణం వెతకాలి.

మొదటి అనుమానం నీళ్ళ మీదే. కాపు చెట్టుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 50 లీటర్లు కావాలి. నాలుగు రోజులకోసారి పెడితే 200 లీటర్లు. పొద్దున వాకిలి కడిగిన నీళ్ళు రెండు బకెట్లు అటు పారబోస్తే సరిపోదు. ఆ నీళ్ళు పోసే చోటు కూడా ముఖ్యమే. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు గడ్డ నుంచి పీచులాంటి వేళ్ళు వేలకొద్దీ బయల్దేరి చుట్టూ పాకుతాయి. ఎక్కువ వేళ్ళు కాండం నుంచి 2 మీటర్ల లోపే ఉంటాయి. మన ఇళ్ళలో మాత్రం టైల్సో సిమెంటో కాండాన్ని ఆనుకునేదాకా వేసేసి, జానెడు రంధ్రం వదులుతారు. ఆ వేళ్ళకు నీళ్ళూ లేవు, గాలీ లేదు. కనీసం ఒకటిన్నర మీటర్ల మేర సిమెంటు పగలగొట్టించి పాదు చేయించండి. ఏ మందుకూ రాని ఫలితం దీనికి వస్తుంది. పాదులో కొబ్బరి డొక్కల్ని పీచు కిందికి ఉండేలా బోర్లించి పరిస్తే తేమ నిలుస్తుంది.

రెండో అనుమానం పొటాష్. కాపు చెట్టుకు ఏడాదికి కిలో యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పడాలి. దీన్ని తొలకరికి సగం, వానలు తగ్గాక సగం వేసి, వెంటనే నీళ్ళు పెట్టాలి. పశువుల ఎరువు ఎంత వేసినా మంచిదే. కొత్త ఆకుల రెక్కలు విడిపోకుండా అతుక్కుని, కొసలు కొక్కెంలా వంగి ఉంటే బోరాన్ లోపం కూడా ఉన్నట్టు. ఆరు నెలలకోసారి 50 గ్రాముల బోరాక్స్ పాదులో వేయండి, అంతకు మించొద్దు.

చెట్టు ఎప్పుడెప్పుడు ఆకలితో ఉందో కాండం చూస్తే తెలిసిపోతుంది. దాని మీద అడ్డంగా కనిపించే గీతలు రాలిన మట్టల మచ్చలు. నెలకు సుమారు ఒక ఆకు వస్తుంది కాబట్టి పన్నెండు మచ్చలంటే దాదాపు ఒక ఏడాది. మచ్చలు బాగా దగ్గరగా పడి, అక్కడ కాండం సన్నబడితే అది తిండీ నీరూ లేని కాలం. వేప, మామిడిలా కొబ్బరి కాండం తర్వాత లావెక్కదు, ఆ సన్నదనం చెట్టున్నంత కాలం ఉండిపోతుంది. పైన మళ్ళీ లావుగా పెరుగుతుంటే చెట్టు కోలుకున్నట్టే. పైకి పోయేకొద్దీ పెన్సిల్ మొనలా సన్నబడుతూనే ఉంటే ఇక ఆలస్యం చేయకండి.

ఈ పనులన్నీ చేశాక ఓపిక పట్టాలి. పొత్తి బయటికి రావడానికి రెండేళ్ళకు పైగా ముందే మొవ్వులో, అంటే తల మధ్యలోని లేత చిగురులో, దాని తయారీ మొదలవుతుంది. విచ్చాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. ఈ వేసవిలో పోసిన నీళ్ళకు పూర్తి ఫలితం మూడేళ్ళు దాటాకగానీ కనబడదు. ఆరు నెలలు చూసి "లాభం లేదు, కొట్టించేద్దాం" అనుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఉప్పు సంగతి. పాదులో కల్లుప్పు వేయమని పెద్దవాళ్ళు చెప్పడంలో అర్థం లేకపోలేదు. సముద్రానికి దూరమైన కొబ్బరికి క్లోరిన్ తక్కువ అందుతుంది. కానీ మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో ఆ క్లోరిన్ ఉంటుంది. ఉప్పుతో వచ్చే సోడియం నల్లరేగడిని ఇంకా బిగిసిపోయేలా చేస్తుంది. గుంటూరు నేలల్లో ఉప్పు వద్దు.

కాయ మీద గోధుమ రంగు మచ్చలు, పగుళ్ళు

ఇది నల్లి. కంటికి కనబడనంత చిన్నది, ముచ్చిక కింద దాక్కుని లేత కాయ రసం పీలుస్తుంది. మొదట ముచ్చిక అంచున తెల్లటి త్రికోణపు మచ్చ వస్తుంది. కాయ పెరిగేకొద్దీ అది గోధుమరంగుకు తిరిగి పగులుతుంది. మన దేశంలో దీన్ని 1998లో కేరళలో గుర్తించారు. లోపలి కొబ్బరి తినడానికి భయం లేదు, కాకపోతే కాయ చిన్నదైపోతుంది, డొక్క వలవడం కష్టం. లీటరు నీటికి 20 మి.లీ. వేపనూనె, 20 గ్రాముల వెల్లుల్లి రసం, 5 గ్రాముల సబ్బు కలిపి లేత గెలల మీద ముచ్చికలు తడిసేలా కొట్టించాలి. చెట్టు ఎత్తుగా ఉంటే వేరు ద్వారా ఇవ్వొచ్చు. పెన్సిలంత లావున్న బతికిన వేరు చూసి ఏటవాలుగా కోసి, 10,000 పీపీఎం వేపమందు 10 మి.లీ., నీళ్ళు 10 మి.లీ. కలిపిన చిన్న ప్లాస్టిక్ కవర్లో ముంచి కట్టేయండి. ముందు కోతకొచ్చిన బొండాలు దింపించండి, తర్వాత 45 రోజులు ఆ చెట్టు కాయ ముట్టకండి.

ఆకులకు మసి, కింద పెట్టిన కారు మీదంతా జిగురు

సర్పిలాకార తెల్లదోమ పని ఇది. 2016లో పొల్లాచ్చి దగ్గర మొదట కనబడి, తర్వాత మన వైపు వచ్చింది. ఆకు అడుగున తెల్లటి మెత్తటి సుడులు ఉంటాయి. అది వదిలే తేనెలాంటి జిగురు కింది ఆకుల మీద పడితే దాని మీద నల్లటి బూజు పెరుగుతుంది. ఇక్కడ ఒక్కటే గట్టిగా చెబుతాను: ఘాటైన పురుగుమందులు కొట్టించకండి. దీన్ని అదుపులో పెట్టే ఎన్‌కార్సియా అనే బుల్లి పరాన్నజీవి వాటితో చచ్చిపోతుంది, దోమ రెట్టింపై వస్తుంది. ఆకు అడుగున నల్లబడిన దోమ పిల్లలు కనబడితే ఆ మిత్రపురుగు వచ్చేసినట్టే. వేగంగా నీళ్ళు కొట్టడం, ఆముదం రాసిన పసుపు అట్టలు కట్టడం చాలు. మసికి లీటరు నీటికి 10 గ్రాముల మైదా ఉడికించి, చల్లార్చి చల్లితే అది ఎండి మసితో సహా పొరలుగా ఊడిపోతుంది. ఎక్కువగా ఉంటే దోమకు జబ్బు తెచ్చే ఇసారియా శిలీంధ్రం దొరుకుతుంది, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్ళు దాన్ని తయారుచేస్తారు.

విచ్చిన ఆకు కత్తెరతో కోసినట్టు ఉంది

కొమ్ము పురుగు మొవ్వులో ఉండగానే ఆకును కొరికితే, విచ్చాక ఇలా కనిపిస్తుంది. అది గుడ్లు పెట్టేది చెట్టులో కాదు, పెంటకుప్పలో, కుళ్ళిన మొద్దుల్లో. ఇంటి వెనక పాత ఎరువు గుంట ఉంటే ముందు దాన్ని తిరగేసి తెల్లటి లావు పురుగుల్ని ఏరేయండి. చిన్న చెట్లకు మొవ్వు పక్క మట్టల సందుల్లో మూడు కలరా ఉండలు పెట్టి పైన ఇసుక పోయండి, 45 రోజులకోసారి మార్చండి.

మొవ్వు వాడిపోయింది

ఇక్కడ తేడా పట్టుకోవడం ముఖ్యం. వానాకాలంలో మొవ్వాకు గోధుమరంగుకు తిరిగి, లాగితే చేతికి ఊడొచ్చి, కుళ్ళు వాసన కొడితే మొవ్వుకుళ్ళు తెగులు. కుళ్ళిన భాగం మొత్తం శుభ్రంగా కోసేసి బోర్డో పేస్టు పూసి, వాన పడకుండా కప్పాలి. ఆ పేస్టుకు 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్లోనే కలపండి. కొత్త మొవ్వు రావడానికి నెలలు పట్టొచ్చు.

వాసన కన్నా కాండం మీద రంధ్రాలు, వాటిలోంచి గోధుమరంగు జిగురు, నమిలిన పీచు కనిపిస్తే ఎర్రముక్కు పురుగు. చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. దాన్ని పిలిచేది చెట్టు గాయమే. మట్టలు కోసేటప్పుడు కాండానికి ఆనించి నరికించకండి, నాలుగడుగులు వదిలి కోయించండి. పచ్చి మట్టల జోలికి అసలు పోవద్దు. పండక్కి అందంగా ఉంటుందని పచ్చి ఆకులు దింపించడం, ఎక్కడానికి గంట్లు కొట్టించడం రెండూ మానండి. తొలిదశలో ఉద్యాన శాఖ వాళ్ళని అడిగి మందు పెట్టించుకోవచ్చు. తల ఒరిగిపోతే చెట్టు దక్కదు.

కాండం నుంచి ఎర్రటి ద్రవం కారుతోంది

కాండం మధ్యలో పగుళ్ళలోంచి కారితే సామాన్యంగా నల్ల కారు తెగులు. చెక్కి బోర్డో పేస్టు పూస్తే ఆగుతుంది. నేలకు ఆనుకుని కారుతూ, కింది మట్టలు వేలాడిపోయి, మొదలు దగ్గర గొడుగులాంటి గట్టి పుట్టగొడుగు మొలిస్తే గానోడెర్మా అనే శిలీంధ్రం తెచ్చే తెగులు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డ పెరళ్ళలాంటి చోట్ల వేళ్ళు దెబ్బతింటాయి, అలాంటి చెట్లను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. తొలిదశలో ఏటా 5 కిలోల వేపపిండి, ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలుచేసే శిలీంధ్రం) కలిపిన ఎరువు వేసి, ఆ పాదు నీళ్ళు పక్క చెట్టుకు పారకుండా చూడండి. పుట్టగొడుగు వచ్చేసిందంటే చెట్టు తీయించక తప్పదు. మొద్దు వేళ్ళతో సహా పెకలించాలి. కొత్త మొక్క అదే గుంటలో వద్దు, వేరే చోట మీటరు గుంట తీసి, సగం ఇసుకా పశువుల ఎరువూ నింపి, కరెంటు తీగలకు దూరంగా నాటండి. త్వరగా కాపు కావాలంటే అంబాజీపేట వాళ్ళ గోదావరి గంగ అనే సంకర రకం అడగండి.