మోటార్ వైబ్రేషన్ కొలవడం: సెన్సర్ అతికించే దగ్గరే సగం పని ఉంది

బేరింగ్ మీద చెయ్యి పెట్టి "అదురు పెరిగింది సార్" అనే మెకానిక్ మాటను తేలిగ్గా తీసెయ్యకండి. కాకపోతే ఎంత పెరిగింది, బ్యాలెన్స్ పోయిందా, కప్లింగ్ అలైన్‌మెంట్ పోయిందా అనేది చేత్తో తేలదు, దానికి యాక్సిలరోమీటర్, అంటే అదురు త్వరణాన్ని ఎలక్ట్రికల్ సిగ్నల్‌గా మార్చే సెన్సర్ కావాలి.

ముందు మీ సెన్సర్ ఏ రకమో చూడండి. ఛార్జ్ రకమైతే దాని సర్టిఫికెట్ మీద పికోకూలుంబ్‌లలో సెన్సిటివిటీ ఉంటుంది, దానికి ఆ ఛార్జ్‌ను వోల్టేజీగా మార్చే ఛార్జ్ ప్రీఆంప్లిఫయర్ (ప్రీఆంప్) తప్పనిసరి. ఐఈపీఈ రకమైతే చిన్న ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, బయటి నుంచి 2 నుంచి 20 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు ఇస్తే చాలు. ఒకదాని ప్రీఆంప్‌కు ఇంకోదాన్ని తగిలిస్తే వచ్చే అంకెలకు అర్థం ఉండదు.

ఇక అతికించడం. చాలామంది ప్రీఆంప్ సెట్టింగుల మీద గంటలు పెట్టి దీన్ని రెండు నిమిషాల్లో కానిచ్చేస్తారు, నా లెక్కన ఇది తలకిందుల పని. సెన్సర్ బేరింగ్ హౌసింగ్ మీదే ఉండాలి, ఫ్యాన్ కవర్ మీదో రేకు మీదో పెడితే ఆ రేకు అదురే కొలుస్తారు. చదునుగా గీకిన చోట కొంచెం గ్రీజు రాసి స్టడ్‌తో బిగిస్తే అన్నిటికంటే మేలు. మ్యాగ్నెట్ అయితే సుమారు 2 కిలోహెర్ట్జ్ దాకా నమ్మొచ్చు, మందపాటి పెయింట్ మీద అదీ అనుమానమే. చేత్తో పట్టుకునే ప్రోబ్ 1 కిలోహెర్ట్జ్ దాటాక పనికిరాదు, కాబట్టి బేరింగ్ లోపాల కోసం అయితే దాని జోలికి పోకండి.

కేబుల్ వేలాడనివ్వకండి, టేపుతో మెషీన్‌కు అంటించండి. ఛార్జ్ రకంలో కేబుల్ ఊగితే చాలు, లోపలి పొరలు రాసుకుని దొంగ సిగ్నల్ పుడుతుంది. కనెక్టర్‌లో తడి, జిడ్డు ఉన్నా రీడింగ్ మెల్లగా జారుతుంటుంది.

గెయిన్, అంటే సిగ్నల్‌ను ప్రీఆంప్ ఎన్ని రెట్లు పెంచాలన్నది, ఊహతో పెట్టొద్దు, చిన్న లెక్క వెయ్యండి. 25 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 7.1 మిల్లీమీటర్ల వేగం, అంటే చాలా మెషీన్లకు కంగారు పడాల్సిన స్థాయే, కానీ త్వరణంలో అది సుమారు 0.11 జీ (1 జీ అంటే భూమి గురుత్వ త్వరణం) మాత్రమే. 1 జీకి 100 మిల్లీవోల్ట్‌లిచ్చే సెన్సర్ నుంచి వచ్చేది 11 మిల్లీవోల్ట్‌లు. ఇంతే కదా అని గెయిన్ బాగా పెంచేస్తే, బేరింగ్ నుంచి వచ్చే హై ఫ్రీక్వెన్సీ దెబ్బలకు ప్రీఆంప్ ఓవర్‌లోడ్ అవుతుంది, అప్పుడు కింది ఫ్రీక్వెన్సీల్లో కూడా అబద్ధమే కనిపిస్తుంది. ఓవర్‌లోడ్ లైట్ వెలిగిన రీడింగ్ రాసుకోవద్దు.

తెలిసినంత అదురు ఇచ్చి సెన్సర్‌ను సరిచూసే చేతి కాలిబ్రేటర్ దొరికితే ముందే ఒకసారి చూసుకోండి. చాలావాటిలో 159.2 హెర్ట్జ్, 10 మీటర్/సెకను² ఉంటుంది, అక్కడ వేగం సరిగ్గా సెకనుకు 10 మిల్లీమీటర్లు రావాలి.

రీడింగులు అడ్డంగా, నిలువుగా, షాఫ్ట్ వెంట మూడు దిశల్లో తీసుకోండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోల్ మోటార్ 1500 ఆర్‌పీఎమ్‌కు కొంచెం తక్కువగా తిరుగుతుంది, అంటే ఫ్రీక్వెన్సీల గ్రాఫ్‌లో 25 హెర్ట్జ్‌కు కాస్త కింద పెద్ద పీక్ ఉంటే బ్యాలెన్స్, దానికి రెట్టింపు దగ్గర ఉంటే అలైన్‌మెంట్ ముందు చూడండి. సరిగ్గా 100 హెర్ట్జ్ దగ్గరుంటే సప్లై ఆపిన క్షణం గమనించండి, టక్కున మాయమైతే అది మెకానికల్ కాదు, ఎలక్ట్రికల్.