నల్లమల నడకకు చీజ్: ఫ్రిజ్ లేకుండా తీసుకెళ్లడం ఎట్లా

ట్రెక్కింగ్‌కు పోయేటప్పుడు తక్కువ బరువులో ఎక్కువ బలం ఇచ్చే తిండి కావాలి. వంద గ్రాముల చెడ్డార్ చీజ్‌లో దాదాపు 400 కేలరీలు, 25 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటాయి. పొయ్యి వెలిగించే పని లేదు. జొన్నరొట్టెలో పెట్టి, పైన కాస్త పల్లి పొడి చల్లి చుట్టుకుంటే పూట గడిచిపోతుంది. అందుకే నాగర్‌కర్నూల్ నుంచి మేం సలేశ్వరం దిగినా, రాచకొండ గుట్టలెక్కినా నా బ్యాగులో చీజ్ ఉంటుంది.

అయితే దీని గురించి దొరికే సలహాలు ఎక్కువగా చల్లటి దేశాలవాళ్లవి. వారం రోజులు బయట ఉన్నా ఏం కాదంటారు. వాళ్లకు ఎండాకాలంలో ఉండే వేడి మనకు సంక్రాంతికే ఉంటుంది. మే నెలలో నల్లగొండ వైపు 43, 44 డిగ్రీల ఎండ కాస్తుంటే ఆ మాట నమ్ముకుని బయల్దేరడం సరికాదు. మన ఎండకు మన లెక్క ఉండాలి. ఆ లెక్క బ్యాగు సర్దేటప్పుడు కాదు, చీజ్ కొనేటప్పుడే మొదలవుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది తేమ. పచ్చి మామిడికాయ కొన్నాళ్లకే మెత్తబడి కుళ్లిపోతుంది. దాన్నే ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేస్తే ఏడాది పొడుగునా ఉంటుంది. చీజ్‌ది కూడా అదే కథ. పన్నీర్‌లో సగం, అంతకంటే ఎక్కువే నీళ్లు. తాజా మొజరెల్లా కూడా అంతే. బాగా మాగిన పర్మెజాన్ అనే గట్టి చీజ్‌లో నీళ్లు మూడో వంతు కూడా ఉండవు. చెడ్డార్ ఈ రెంటికీ మధ్యలో, పర్మెజాన్‌కే దగ్గరగా ఉంటుంది. తేమ తగ్గి, ఉప్పు, పులుపు తోడైన చోట సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగలేవు. కాబట్టి పర్మెజాన్, మాగిన చెడ్డార్, గట్టి గౌడా తీసుకోండి. పన్నీర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పొద్దున చేసి మధ్యాహ్నం తిందామనుకున్నా మన ఎండలో వద్దనే చెబుతాను.

సలేశ్వరం జాతరకు నియమంగా పోయేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఇటలీ నుంచి వచ్చే అసలు పర్మెజాన్‌ను పాలను విరగ్గొట్టేందుకు దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో తయారు చేస్తారు. శాకాహారులకు అది పనికిరాదు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొనండి.

అచ్చంపేటలోనో దేవరకొండలోనో పర్మెజాన్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. దొరకడం కష్టమే, హైదరాబాద్ పోయినప్పుడు తెచ్చిపెట్టుకోవాలి. అది కుదరనివాళ్లకు ప్రాసెస్డ్ చీజ్ టిన్ను ఉంది. అమూల్ 400 గ్రాముల టిన్ను ఇలాంటిదే. సీలు తీయనంతవరకు దానికి ఫ్రిజ్ అక్కర్లేదు. ప్రాసెస్డ్ చీజ్‌ను ప్రత్యేకమైన లవణాలు కలిపి వేడిచేసి కరిగిస్తారు. అందుకే ఎండకు దాని నుంచి నూనె కూడా అంత తొందరగా కారదు. బరువు ఎక్కువే, కానీ ఎండాకాలంలో నేను దాన్నే నమ్ముతాను. ఒక్కసారి తెరిస్తే మాత్రం నలుగురైదుగురు కూర్చుని ఆ పూటే ముగించాలి. ఇద్దరే పోయేటట్టయితే టిన్ను మీకు లాభం లేదు. మూత ఉబ్బినదీ, అంచు దగ్గర సొట్ట పడినదీ కొనకండి. అదే కంపెనీ క్యూబులో స్లైసులో కదా అని బ్యాగులో వేసుకోకండి, వాటి ప్యాకెట్ మీద ఫ్రిజ్‌లో ఉంచమనే రాసి ఉంటుంది.

ఇక సర్దడం. కంపెనీ సీలుతో వచ్చిన చిన్న చిన్న ముక్కలు దొరికితే అంతకంటే మేలు లేదు, ఏ పూటది ఆ పూట విప్పుకోవచ్చు. పెద్ద ముక్క అయితే బయల్దేరే ముందు రాత్రి చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరిన కత్తితో మనిషికి పూటకు 40, 50 గ్రాముల చొప్పున కోయండి. ఉల్లిగడ్డ కోసిన కత్తి వాడొద్దు. ఒక్కో ముక్కను విడిగా బటర్ పేపర్‌లో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్‌లో నేరుగా పెడితే లోపల చెమట పట్టి, ఆ తడికి బూజు వస్తుంది. రెండు రోజులు దాటి ఉండేటట్టయితే పల్చటి నూలు గుడ్డను తెల్ల వెనిగర్‌లో ముంచి, గట్టిగా పిండి, బటర్ పేపర్‌కు బదులు దాన్ని చుట్టండి. వెనిగర్ బూజును ఆపుతుంది. పులుపు వాసన తినేటప్పుడు కొంచెం తెలుస్తుంది గానీ రొట్టెలోకి పోయాక ఎవరూ పట్టించుకోరు. ఈ ముక్కలన్నీ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అర లీటరు నీళ్ల బాటిల్ కూడా గడ్డ కట్టించండి. పొద్దున డబ్బా, బాటిల్ పక్కపక్కన పెట్టి తువ్వాల చుట్టి, బ్యాగు నడిమధ్యలో బట్టల మధ్య దోపండి. వీపుకు ఆనే వైపు ఒంటి వేడి తగులుతుంది, పై జేబుకు ఎండ తగులుతుంది. ఆ రెండు చోట్లూ వద్దు. మంచు కరిగాక ఆ నీళ్లు తాగేయొచ్చు.

మన్ననూర్ దాకా కారులో పోయేవాళ్లు చీజ్‌ను కారులో వదిలి టీకి దిగకండి. అద్దాలు మూసిన కారు ఎండలో గంట సేపు ఆగితే లోపల వేడి బయటికంటే ఇరవై డిగ్రీలు పెరగవచ్చు. అట్లాగే భువనగిరి కోటెక్కేటప్పుడు అలసిపోయి బ్యాగును బండ మీద దించుతాం. ఆ ఏకశిల మధ్యాహ్నానికి చెప్పుల్లేకుండా నిలబడలేనంత కాగుతుంది. నీడలో, చెట్టు కొమ్మకు తగిలించడం నయం. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆగిన చోటల్లా డబ్బా చుట్టూ తువ్వాల తడిపి గాలికి పెడితే బాగా చల్లబడుతుంది. వానాకాలంలో ఇది పెద్దగా పనిచేయదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది.

ఇంత చేసినా మధ్యాహ్నానికి చీజ్ మెత్తబడుతుంది. సలేశ్వరం లొద్దిలోకి దిగుతుంటే మా అక్క కొడుకు డబ్బా తెరిచి, "చిన్నమ్మా, ఖరాబైంది, నూనె కారుతోంది" అన్నాడు. చెడ్డార్ ముక్క అంచులు గుండ్రంగా అయ్యాయి, పైన పసుపు చుక్కలు లేచాయి, కాగితం జిడ్డెక్కి వెనకాల ఉన్న వేలు కనబడుతోంది. వాసన మామూలుగానే ఉంది. అది చెడిపోవడం కాదు. పాలకొవ్వు 30 డిగ్రీలు దాటిన కొద్దీ కరిగి బయటికి వస్తుంది. లోయ అడుగున జలపాతం దగ్గర ఆ డబ్బాను కాసేపు చల్లటి నీళ్లలో నిలబెట్టాం. ముక్క మళ్లీ బిగిసింది, తుడుచుకుని తిన్నాం. ముందటిలా నున్నగా ఉండదు, పొడిపొడిగా విరుగుతుంది, అంతే తేడా.

చెడిపోయిన గుర్తులు వేరే. పట్టుకుంటే జిగురు తగలడం, సీలు తీయని ప్యాకెట్ ఉబ్బడం, ముక్కు చిట్లించుకునేంత పులిసిన వాసన, గులాబీ రంగో నల్ల రంగో మరకలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పారేయండి, ధర గుర్తు చేసుకోకండి. గట్టి చీజ్ మీద చిన్న బూజు మచ్చ ఉంటే దాని చుట్టూ, లోతుకూ అంగుళం మేర కోసేసి మిగతాది తినొచ్చు. మెత్తటి చీజ్‌కు ఈ మినహాయింపు లేదు. మాగిన చీజ్‌లో పళ్ల కింద కరకరమనే తెల్లటి రవ్వలను చూసి బూజనుకోకండి, అవి మాగేటప్పుడు ఏర్పడే స్ఫటికాలు. గర్భిణులకు, చంటిపిల్లలకు, బాగా పెద్దవాళ్లకు మాత్రం బయట తిరిగిన చీజ్ పెట్టొద్దని నా గట్టి మాట.

ఎన్నాళ్లు ఉంటుందంటారా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గట్టి చీజ్‌ను నాలుగైదు రోజులు ధైర్యంగా తింటాను. ఎండాకాలంలో రెండో రోజు పొద్దుటికి ముగించేస్తాను. తెల్లవారుజామున అది గట్టిగా, రుచిగా ఉంటుంది, అప్పుడే తినండి. చీజ్‌లో ఉప్పు ఎక్కువ, దాహం పెంచుతుంది. నీళ్లు దొరకని దారిలో మీ మామూలు లెక్క మీద ఇంకో బాటిల్ ఎక్కువ మోయండి.

వాసనకు కోతులు వస్తాయి. ఉమామహేశ్వరం మెట్ల దగ్గర డబ్బా బయటికి తీయకండి. నల్లమల ఎలుగుబంట్లు తిరిగే అడవి, పైగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అనుమతి లేని చోట తిండి విప్పడం, తొక్కలు, కాగితాలు వదలడం ఆ జంతువులకే కీడు. జిడ్డు కాగితాలు ఖాళీ డబ్బాలోనే పెట్టి వెనక్కి తెచ్చుకోండి.

ఇంటికి చేరాక మిగిలిన ముక్కను మళ్లీ ఫ్రిజ్‌లో దాచొద్దు. వాసన బాగుంటే అదే రాత్రి తురిమి, ఉడుకుతున్న ఉప్మాలోనో పెనం మీది దోశ మీదో వేసి, బాగా వేడెక్కనిచ్చి తినేయండి.