బ్రెయిలీ గడిని శబ్దంతో పట్టుకోవడం ఎలా?

నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో చూపులేని పిల్లలకు బ్రెయిలీ నేర్పడం నా పని. పిల్లల కంటే ముందు ఇంట్లోవాళ్లకు ఒక మాట చెబుతాను: అక్షరాల పట్టిక ముందేసుకుని బట్టీ పట్టించకండి. బ్రెయిలీలో ఒక్కో గుర్తు పట్టే ఆరు ఉబ్బెత్తు చుక్కల చోటే గడి. ఆ ఆరు చుక్కలతో 63 ఆకారాలు వస్తాయి. వాటిని వరసగా వల్లె వేయిస్తే పిల్లలకు విసుగు, మీకు నీరసం. అసలు గడికి సొంత శబ్దమంటూ లేదు. ఏ భాష పుస్తకం ముందుంటే ఆ భాషే దానికి గొంతునిస్తుంది.

మొదట గడిని చేతికి అందించాలి. కోడిగుడ్ల అట్ట నుంచి ఆరు గుంటల ముక్క కత్తిరించండి: నిలువుగా మూడు, అడ్డంగా రెండు. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. చుక్కకు బదులు నిమ్మకాయ పెట్టండి, మా దగ్గర వాటికి కొదవ లేదు. 1, 2 గుంటల్లో కాయలు పెడితే తెలుగులో బ. ఇంగ్లిష్‌లో బి, అరబిక్‌లోనూ అదే శబ్దం. జపాన్ పిల్లలు మాత్రం దాన్ని తడిమి ‘ఇ’ అంటారు. వాళ్లు 1, 2, 4 చుక్కలను అచ్చులకు, 3, 5, 6 చుక్కలను హల్లులకు పంచుకుని, రెంటినీ ఒకే గడిలో కలుపుతారు. ఈ సంగతి చెబితే పిల్లలు తెగ నవ్వుతారు. నవ్వనివ్వండి, అలా విన్నది మరచిపోరు.

మన దేశం 1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీని ఖాయం చేసుకుంది. తెలుగు క, హిందీ క, తమిళ క అన్నీ 1, 3 చుక్కలే. బడిలో చూపున్న పిల్లలు హిందీ కోసం కొత్త లిపి దిద్దుకోవాలి. మన పిల్లలకు ఆ బాధ లేదు. ఈ ఒక్కచోట పైచేయి వీళ్లదే, ఆ మాట తరగతిలో అందరికీ వినపడేలా చెప్పండి.

పిల్లలకు ఇంగ్లిష్ బ్రెయిలీ ముందే వచ్చి ఉంటే సగం తెలుగు వచ్చినట్టే. కె గడి క, ఎం గడి మ, ఆర్ గడి ర. ఇంగ్లిష్‌లో రెండు మూడు అక్షరాలను కలిపి ఒకే గడిలో రాసే పొట్టి గుర్తులు కూడా పనికొస్తాయి: ‘ష్’ గుర్తు (1, 4, 6) మనకు శ, ‘థ్’ గుర్తు (1, 4, 5, 6) మనకు థ, ‘ఇంగ్’ గుర్తు (3, 4, 6) ఏకంగా ఙ! కూర్చినవాళ్లెవరో గాని మంచి చెవి ఉన్నవాళ్లు. శబ్దం కుదరని చోట మాత్రం మిగిలిన గడులతో సర్దుకున్నారు. ఎక్స్ గడి (1, 3, 4, 6) మనకు ఒ. అదే గడి అరబిక్‌లో గొంతు గీరుతూ పలికే ‘ఖ’, రష్యన్‌లో ‘ష్చ’. ఇలాంటివాటికి తర్కం వెతక్కండి, నేరుగా నేర్పేయండి.

చిక్కంతా పోలికలు దొరికేచోటే ఉంది. టేబుల్, టీ అని పలుకుతారు కాబట్టి పిల్లలు టీ గడిని ట అనుకుంటారు. అది త (2, 3, 4, 5). ట కావాలంటే 6వ చుక్క కూడా చేరాలి. డి గడి ద, డ వేరు (1, 2, 4, 6). ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ (E) గడి (1, 5) మనకు దీర్ఘం ఏ. కాబట్టి ఏనుగు 1, 5తో మొదలవుతుంది, ఎలుక 2, 6తో. ఈ రెండు జంతువులతో ఒక పూట ఆడించండి, తొందరపడి ముందుకు వెళ్లొద్దు.

గుణింతం చాలా తేలిక. తలకట్టు, గుడి, కొమ్ము వంటి గుర్తులేవీ లేవు. హల్లు తర్వాత అచ్చు గడి రాస్తే చాలు. ‘కి’ అంటే క, ఆ వెంట ఇ. ఒత్తు ఉన్నప్పుడు 4వ చుక్క ఒక్కటే ఉన్న గడి హల్లుకు ముందు వస్తుంది, తర్వాత కాదు. ‘నల్లగొండ’ రాసి చూడండి: న, 4వ చుక్క, ల, ల, గ, ఒ, సున్న (5, 6), డ. మొత్తం ఎనిమిది గడులు.

ణ గడికి (3, 4, 5, 6) రెండు కొలువులు. అంకెల ముందు వచ్చే సంఖ్యా గుర్తూ అదే. పిల్లలు కంగారు పడితే, ణతో మొదలయ్యే మాట ఒకటి చెప్పమనండి. ఎంత వెతికినా దొరకదు. అందుకే మాట మొదట్లో ఆ గడి తగిలితే అంకె వస్తోందని, ‘వీణ’లోలా మాట మధ్యనో చివరనో తగిలితే ణ అని పోల్చుకుంటారు.

స్టైలస్‌తో (చుక్కలు పొడిచే మొనదేలిన పుల్ల) పలక మీద (కాగితాన్ని బిగించే గళ్ల చట్రం) పొడిచేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి. 1వ చుక్క కుడివైపు పైన పడుతుంది. కాగితం తిప్పితే అంతా సరిగ్గా వస్తుంది. చదవడం గట్టిపడ్డాకే పలక ఇవ్వండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఇ (2, 4), ఏ (1, 5) తారుమారవుతాయి, ఎందుకంటే ఒకదాన్ని తిరగేస్తే రెండోది.

నల్లగొండ కుదిరాక మిర్యాలగూడ ఇవ్వండి. పది గడులు రావాలి. తొమ్మిదే వస్తే ‘ర్యా’ దగ్గర 4వ చుక్క పడిందో లేదో తడిమి చూడమనండి.