కారణాంకాలు విడగొట్టకుండానే గ.సా.భా.

98,76,54,321కి, 12,34,56,789కి గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండింటినీ నిశ్శేషంగా భాగించే అతిపెద్ద సంఖ్య) ఎంత అని అడిగితే చాలామంది వెంటనే కారణాంకాల వేటలో పడతారు. పరీక్షలో అలా చేయకండి. రెండోది ఒక్కటే 3 × 3 × 3607 × 3803. ఈ 3607 ప్రధాన సంఖ్యేనని చేత్తో తేల్చుకునేసరికే టైమ్ అంతా అయిపోతుంది.

దానికి బదులు పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. ఎనిమిది సార్లు పోతుంది: 98,76,54,312. శేషం 9, అంతే! ఇంత పెద్ద సంఖ్యలకు ఇంత చిన్న శేషం రావడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడు 12,34,56,789ని 9తో భాగించాలి. అంకెలన్నీ కూడితే 45 కాబట్టి నిశ్శేషంగా పోతుంది. గ.సా.భా. 9.

ఇది ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పేరుతో పిలిచే పద్ధతి. రెండు సంఖ్యల్నీ భాగించేది ఏదైనా వాటి శేషాన్ని కూడా భాగించి తీరాలి, కిటుకంతా అక్కడే ఉంది. వేరే లెక్కల్లో శేషం పెద్దగా మిగిలితే, భాజకాన్ని ఆ శేషంతో మళ్లీ భాగించండి. సున్నా వచ్చేదాకా అలాగే సాగించి, చివరి భాజకాన్ని జవాబుగా రాయండి.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కూడా అడిగితే 12,34,56,789ని 9తో భాగించగా వచ్చిన 1,37,17,421ని 98,76,54,321తో గుణిస్తే సరి.